జనవరి 30: తేదీ కలిపిందా, మనుషులు కలిపారా?

వార్తాపత్రికల్లో ‘చరిత్రలో ఈ రోజు’ అన్న చిన్న పెట్టె కనబడితే చదవకుండా పేజీ తిప్పేవాళ్లు తక్కువ. జనవరి 30న ఆ పెట్టెలో మన కంటికి మొదట తగిలేది 1948 నాటి ఢిల్లీ, బిర్లా భవన్, గాంధీజీ హత్య. ఏటా ఆ రోజు ఉదయం 11 గంటలకు దేశమంతా రెండు నిమిషాలు మౌనం పాటిస్తుంది. అదే తేదీ పట్టుకుని బ్రిటన్ చరిత్ర తిరగేస్తే పెద్ద జాబితాయే తేలుతుంది. 1606లో, పార్లమెంటును మందుగుండుతో పేల్చేయబోయిన కుట్రదారుల్లో నలుగురికి లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి ఆవరణలో మరణశిక్ష అమలు చేశారు. 1607లో బ్రిస్టల్ చానల్ తీరాన్ని సముద్రం ముంచెత్తింది. 1649లో రాజు మొదటి చార్లెస్ తల నరికారు. 1661లో, చార్లెస్ తరవాత దేశాన్ని ఏలి, చనిపోయి రెండేళ్లు దాటిన ఆలివర్ క్రామ్‌వెల్ శవాన్ని సమాధిలోంచి పెకలించి ఉరికొయ్యకు వేలాడదీశారు. 1902లో జపాన్‌తో మైత్రీ ఒప్పందం కుదిరింది. 1965లో విన్‌స్టన్ చర్చిల్ అంత్యక్రియలు జరిగాయి. 1969లో బీటిల్స్ బృందం లండన్‌లో ఓ మేడ మీద చివరిసారి జనం వినేలా కలిసి పాడింది. 1972లో ఉత్తర ఐర్లండ్‌లోని డెరీ పట్టణంలో పౌరహక్కుల ఊరేగింపు మీద బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపారు. ఒకే తేదీ కింద ఇన్ని చావులు, ఇన్ని మలుపులు వరసగా చూస్తే ఆ రోజులోనే ఏదో ఉందేమో అనిపిస్తుంది. రోజులో ఏమీ లేదు. అయితే ఈ జాబితాలో అన్నీ ఒక రకం సంఘటనలు కావు. కొన్ని ఆ తేదీన ఊరికే పడ్డాయి. కొన్నిటిని ఆ తేదీన కావాలని పెట్టారు. ఈ రెంటికీ తేడా పట్టించుకోకుండా అన్నిటినీ ఒకే దండలో గుచ్చితే, తేదీ అనేది చరిత్రలో నిజంగా ఎప్పుడు పనిచేసిందో మనకు కనబడకుండా పోతుంది.

మొదట ఊరికే పడినవాటి సంగతి చూద్దాం. ఏడాదికి 366 తేదీలకు మించి లేవు. వెయ్యేళ్ల చరిత్ర ఉన్న ఏ దేశంలోనైనా ప్రతి తేదీ వెయ్యిసార్లు వచ్చి వెళ్లి ఉంటుంది. ఆ వెయ్యిసార్లలో ఒక యుద్ధమో, ఒక రాజు చావో, ఒక ఒప్పందమో జరగకుండా ఉండటమే వింత. 23 మంది ఉన్న గదిలో ఎవరో ఇద్దరి పుట్టినరోజులు కలిసే అవకాశం సగానికి పైనే ఉంటుందని గణితం చెబుతుంది. వినడానికి నమ్మబుద్ధి కాదు గానీ లెక్క వేసి చూస్తే నిజమే. ఎందుకంటే మనం ఒక్క మనిషిని మిగతా 22 మందితో మాత్రమే పోల్చడం లేదు. ఆ గదిలో ఉన్న ప్రతి జంటనూ పోలుస్తున్నాం, అలాంటి జంటలు 253 ఉంటాయి. చరిత్రలో సంఘటనలు వేలల్లో ఉంటాయి కాబట్టి వాటి మధ్య జంటలు లక్షల్లో తేలతాయి. తేదీలు కలవడం అక్కడ రోజూ జరిగే పని. పైగా ఆ వేల సంఘటనల్లోంచి మనకు ఆసక్తి కలిగించే వాటినే ఏరి పెట్టుకుంటాం. జనవరి 30న మాంచెస్టర్‌లో హాలే ఆర్కెస్ట్రా 1858లో తొలి కచేరీ చేసింది. సంగీత చరిత్రలో అది చిన్న విషయమేమీ కాదు. అయినా రాజు తలా, క్రామ్‌వెల్ శవమూ ఉన్న జాబితాలో అది ఇమడదు కాబట్టి చాలామంది దాన్ని వదిలేస్తారు. అలా వదిలేసిన తరవాత మిగిలింది చూసి, ఆ రోజు ఎంత భయంకరమైనదో అనుకుంటారు.

ఇంతకీ అవన్నీ నిజంగా ఒకే రోజున జరిగాయా అన్నది ఇంకో ప్రశ్న. బ్రిస్టల్ చానల్ వరదనే తీసుకోండి. సోమర్సెట్ పల్లపు భూముల్లోనూ, వేల్స్ దక్షిణ తీరంలోనూ ఊళ్లకు ఊళ్లు మునిగాయి. చనిపోయినవాళ్లు 2,000 మందో, అంతకన్నా ఎక్కువో అని అంచనా. తుపాను గాలి, పెద్ద పోటు ఒకేసారి కలిసి ఈ ఉప్పెన వచ్చిందని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. సునామీ అయి ఉండొచ్చని వాదించినవాళ్లూ ఉన్నారు. వేల్స్‌లోని గోల్డ్‌క్లిఫ్ గ్రామ చర్చి గోడకు, నీళ్లు ఎంతవరకు వచ్చాయో చెప్పే ఇత్తడి ఫలకం ఇప్పటికీ ఉంది. ఆ ఫలకం మీద తేదీ 1607 జనవరి 30 కాదు, 1606 జనవరి 20. ఫలకం తప్పు కాదు. అప్పటి ఇంగ్లండ్ జూలియన్ కేలండర్‌ను పాటించేది, అది ఐరోపాలో చాలా దేశాలు అప్పటికే పాటిస్తున్న గ్రెగోరియన్ కేలండర్‌కు 10 రోజులు వెనక నడిచేది. పైగా ఇంగ్లండ్‌లో చట్టం ప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, అందుకే జనవరి ఇంకా పాత ఏడాదిలోనే ఉండేది. తరవాతి కాలంవాళ్లు వరద తేదీని కొత్త కేలండర్‌లోకి మార్చి జనవరి 30 అని రాశారు. చార్లెస్ మరణాన్ని మాత్రం పాత కేలండర్ తేదీలోనే ఉంచేశారు. దాన్నీ అదే పద్ధతిలో మార్చి ఉంటే అది ఫిబ్రవరి 9 అవుతుంది. అంటే మన జాబితాలో పక్కపక్కన కూర్చున్న ఈ రెండూ రెండు వేర్వేరు కొలతలతో కొలిచినవి. ఒకే కొలతతో కొలిస్తే ఒక తేదీన పడవు.

తెలుగువాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఇంట్లో పెద్దవాళ్ల ఆబ్దికం తిథిని బట్టి పెడతాం, నాయకుల వర్ధంతి తారీఖును బట్టి జరుపుతాం. ఈ రెండు లెక్కలూ ఒకే మనిషి విషయంలో ఏటా వేర్వేరు రోజులు చూపిస్తాయి, అయినా మనకు ఏ ఇబ్బందీ లేదు. ‘అదే రోజు’ అన్నది ఆకాశంలో రాసిపెట్టి లేదు, ఏ పంచాంగం చేతిలో పట్టుకున్నామో దాన్ని బట్టి తేలుతుంది. బ్రిటన్ 1752లో గ్రెగోరియన్ కేలండర్‌కు మారినప్పుడు ఈ విషయం ఆ దేశానికీ ఎదురైంది. ఆ ఏడు సెప్టెంబరు 2 బుధవారం తరవాత తెల్లారేసరికి సెప్టెంబరు 14 గురువారం అయింది. మధ్యలో 11 రోజులు లేవు. అప్పుడు ఆ ప్రభుత్వం చేసిన రెండు పనులు గమనించాలి. డబ్బు లెక్కల దగ్గర రోజులు పోగొట్టుకోలేదు. మార్చి 25తో ముగిసే పద్దుకు 11 రోజులు కలిపి ఏప్రిల్ 5కు జరిపింది. ఇవాళ బ్రిటన్‌లో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లు తమ పన్ను సంవత్సరం ఏప్రిల్ 5తో ఎందుకు ముగుస్తుందా అనుకుంటే, దాని మూలం ఇక్కడే ఉంది. రాజు చనిపోయిన రోజును మాత్రం అలా జరపలేదు. జనవరి 30 అన్న పేరునే అట్టిపెట్టారు. అప్పు తీర్చాల్సినవాడికీ పన్ను కట్టాల్సినవాడికీ రోజుల సంఖ్య ముఖ్యం. స్మరించేవాడికి రోజు పేరు చాలు. సూర్యుడి లెక్కలో ఆ రోజు ఎక్కడుందన్నది వాళ్లు పట్టించుకోలేదు.

ఆ పేరుకు అంత బలం ఎలా వచ్చిందో తెలియాలంటే 1649 నాటి ఆ మంగళవారానికి వెళ్లాలి. పార్లమెంటుతో రెండు యుద్ధాలు చేసి ఓడిన చార్లెస్‌ను వెస్ట్‌మినిస్టర్ హాల్‌లో జనవరి 20న విచారణకు నిలబెట్టారు. విచారించే అధికారం మీకెక్కడిదని ఆయన ఆ కోర్టునే ఒప్పుకోలేదు. 27న శిక్ష చెప్పారు. మరణాజ్ఞ మీద 59 మంది సంతకాలు, ముద్రలు ఉన్నాయి. శిక్ష అమలు 30న జరగడానికి కారణం మూడు రోజుల్లో పని ముగించాలన్న తొందరే తప్ప ఆ తేదీ మీద ఎవరికీ మమకారం లేదు. ఆ ఉదయం రాజు వెంట ఉన్న బిషప్ విలియం జక్సన్ ప్రార్థన జరిపి మత్తయి సువార్త 27వ అధ్యాయం చదివాడు. యేసును పిలాతు ముందు నిలబెట్టడం, సిలువ వేయడం ఉన్న అధ్యాయం అది. తన పరిస్థితికి తగినట్టు దాన్ని మీరే ఎంచుకున్నారా అని రాజు అడిగాడు. కాదు, చర్చి పంచాంగం ఈ రోజుకు నియమించిన పాఠమే ఇది అని బిషప్ చెప్పాడు. రాజు ఎంతో ఊరట పొందాడు. నా వాదనకు ఇంతకన్నా తేటతెల్లమైన సాక్ష్యం దొరకదు. ఆ పాఠం ఆ రోజున రావడం కాకతాళీయం. చంపేవాళ్లు దాన్ని చూసుకోలేదు, పంచాంగం రాసినవాళ్లకు చార్లెస్ ఎవరో తెలియదు. కానీ ఆ కలయికను ఒక మనిషి అందుకుని అర్థం ఇచ్చుకున్న క్షణం నుంచి అది చరిత్రలో పనిచేయడం మొదలుపెట్టింది. రాజు హంతకుల చేతిలో చచ్చిన ఖైదీ కాదు, క్రీస్తు బాటలో నడిచిన అమరుడు అన్న కథకు పునాది ఆ ఉదయమే పడింది.

ఆ మధ్యాహ్నం వైట్‌హాల్‌లోని బాంక్వెటింగ్ హౌస్ ముందు వేసిన నల్లగుడ్డ కప్పిన వేదిక మీదికి చార్లెస్ నడిచొచ్చాడు. చలికి వణికితే భయంతో వణికాడనుకుంటారని రెండు చొక్కాలు వేసుకున్నాడు. రాజు చావగానే ఆయన కొడుకును ఎవరూ రాజుగా ప్రకటించకుండా కామన్స్ సభ హడావిడిగా ఒక చట్టం చేసుకోవాల్సి రావడంతో అమలు మధ్యాహ్నం రెండు గంటల దాకా ఆగింది. ముసుగు వేసుకున్న తలారి ఎవరో ఇప్పటికీ నిర్ధారణ కాలేదు. ఆ జనంలో బడి పిల్లవాడిగా నిలబడి చూసిన శామ్యూల్ పీప్స్, తరవాత పెద్దవాడై ప్రసిద్ధమైన డైరీ రాశాడు. 1660 అక్టోబరులో, రాచరికం తిరిగొచ్చాక, చార్లెస్ మరణాజ్ఞ మీద సంతకం చేసిన థామస్ హారిసన్‌ను చంపడం చూసి వచ్చి, రెండు రక్తపాతాలనూ తాను కళ్లారా చూశానని అందులో రాసుకున్నాడు. ఇక్కడ ఒక విషయం గుర్తు పెట్టుకోవాలి. హారిసన్‌తో పాటు బతికున్న దోషులను శిక్షించడానికి జనవరి దాకా ఆగలేదు. విచారణ ముగియగానే అక్టోబరులోనే చంపేశారు. చనిపోయినవాళ్ల విషయంలో మాత్రం తేదీ కావాల్సి వచ్చింది. క్రామ్‌వెల్, ఆయన అల్లుడు హెన్రీ ఐర్టన్, చార్లెస్ విచారణ నడిపిన న్యాయాధ్యక్షుడు జాన్ బ్రాడ్‌షా, ముగ్గురూ అప్పటికే కాలం చేసి వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి అయ్యారు. శవాలు తీసి ఉరితీయాలని 1660 డిసెంబరులో పార్లమెంటు తీర్మానించింది. ఆ పని జరిపింది 1661 జనవరి 30న. లండన్‌లో ఉరితీసే చోటైన టైబర్న్ దగ్గర పొద్దుటినుంచి వేలాడదీసి, సాయంత్రం తలలు నరికి, వెస్ట్‌మినిస్టర్ హాల్ కప్పు మీద కర్రలకు గుచ్చారు. ఏ హాల్లో రాజుకు శిక్ష వేశారో ఆ హాల్ మీదనే. క్రామ్‌వెల్ తలగా చెప్పే ఆ పుర్రె ఎన్నో చేతులు మారి, చివరికి 1960లో కేంబ్రిడ్జిలోని సిడ్నీ ససెక్స్ కాలేజీలో భూమిలోకి వెళ్లింది.

చచ్చినవాడికి శిక్ష తగలదు. ఆ సంగతి వాళ్లకూ తెలుసు. మరి శవాన్ని ఉరితీయడం ఎవరికోసం? చూసేవాళ్ల కోసం. తేదీ లేకపోతే అది కుళ్లిన శవాల మీద కక్ష మాత్రమే అయ్యేది. ఆ తేదీన జరపడంతో అది పన్నెండేళ్ల నాటి తీర్పును తిరగరాసినట్టయింది. అందుకే జాబితాలో 1649, 1661 పక్కపక్కన ఉండటం కాకతాళీయం కాదు. మొదటిది రెండోదానికి కారణం, తేదీ వాటి మధ్య లంకె. 1606 కుట్రదారుల మరణశిక్షకూ చార్లెస్ మరణానికీ అలాంటి లంకె ఏదీ లేదు.

ఇంతటితో ఆగలేదు. జనవరి 30ని ప్రతి ఏటా ఉపవాస దినంగా పాటించాలని చట్టం చేశారు. చర్చి ప్రార్థన గ్రంథంలో ఆ రోజు కోసం ప్రత్యేక ఆరాధన క్రమాన్ని చేర్చారు. ఆనాడు అలాంటి ప్రభుత్వ ఆరాధనలు మరో రెండు ఉండేవి. పేలుడు కుట్ర బయటపడిన నవంబరు 5 ఒకటి, రాచరికం తిరిగొచ్చిన మే 29 ఇంకొకటి. దాదాపు రెండు వందల ఏళ్లు ఇంగ్లండ్‌లోని ప్రతి ఊళ్లో, ఏటా ఒక రోజు, రాజును చంపడం ఎంత పాపమో చెప్పే ప్రసంగం వినిపించింది. పుస్తకం చదవలేనివాడు కూడా చర్చికి వెళ్తే ఆ పాఠం వినక తప్పదు. చట్టం, చర్చి, కేలండర్ మూడూ కలిసి పనిచేసినప్పుడు ఒక తేదీ ఏం చేయగలదో ఇక్కడ కనబడుతుంది. అయితే అధికారం ఒక రోజును తన చేతిలోకి తీసుకుంటే ఎదుటివాళ్లూ ఆ రోజునే పట్టుకుంటారు. రాజును చంపినందుకు సంతోషించేవాళ్లు అదే తేదీన దూడ తలకాయ వండుకుని తింటారని, దానికి ఒక క్లబ్బే ఉందని లండన్‌లో పుకార్లు నడిచాయి. ఆ పుకార్లలో నిజం పాలు ఎంతైనా, 1735లో ఆ తేదీన సఫోక్ వీధిలో ఒక సత్రం మీద జనం రాళ్లు వేసిన మాట వాస్తవం. అమెరికాలో బోస్టన్ బోధకుడు జొనాథన్ మేహ్యూ 1750లో ఆ వర్ధంతినే సందర్భంగా తీసుకుని, ప్రజల్ని పీడించే రాజుకు లోబడి ఉండాల్సిన పని లేదని ప్రసంగించాడు. అమెరికా స్వాతంత్ర్యోద్యమపు ఆలోచనలకు ఆ ప్రసంగం ఎంతో తోడ్పడిందని తరవాత ఆ ఉద్యమ నాయకుడు జాన్ ఆడమ్స్ చెప్పాడు. రాజభక్తి నేర్పడానికి పెట్టిన రోజు, రాజును ఎదిరించే వాదానికి వేదికైంది.

1772 నాటికి లండన్‌లోనే ఆ ఆరాధన మీద విసుగు పుట్టింది. ఆ ఏడు జనవరి 30న కామన్స్ సభ ఎదుట డాక్టర్ థామస్ నోవెల్ ప్రసంగించినప్పుడు వినడానికి వచ్చిన సభ్యులు కొద్దిమందే. వినకుండానే సభ ఆయనకు ధన్యవాదాలు తెలిపింది. తీరా ఆ ప్రసంగం అచ్చయి చేతికొచ్చాక, అందులో రాజుకు ఎదురులేదన్న పాత పాట చూసి సభ్యులు మండిపడ్డారు. ధన్యవాదాలను సభ రికార్డులోంచే కొట్టేశారు. ఆచారంగా పెట్టుకున్న రోజు అర్థం మనుషుల మనసుల్లోంచి జారిపోయాక కూడా చట్టం పుణ్యమా అని కొన్నేళ్లు నడుస్తుందనడానికి ఈ ఒక్క ఘటన చాలు. చివరికి 1859లో విక్టోరియా రాణి కాలంలో ఆ మూడు ఆరాధనలనూ ప్రార్థన గ్రంథంలోంచి తీసేశారు. అయినా జనవరి 30 పూర్తిగా పోలేదు. చార్లెస్‌ను అమరుడిగా కొలిచే సంఘం ఒకటి ఇప్పటికీ ఆ రోజు ఆరాధన జరుపుతుంది. ఆంగ్లికన్ చర్చి పంచాంగంలో ఆయన పేరు మళ్లీ చోటు చేసుకుంది. చట్టం వదిలేసిన తేదీని కావాలనుకున్న కొందరు పట్టుకుని ఉన్నారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. తేదీల్లో ఏమీ లేదంటున్నారు, మరి క్రామ్‌వెల్ సంగతేమిటి? ఆయన డన్‌బార్ యుద్ధం 1650 సెప్టెంబరు 3న గెలిచాడు. వూస్టర్ యుద్ధం 1651లో సరిగ్గా అదే తేదీన గెలిచాడు. 1658లో అదే తేదీన చనిపోయాడు. దీన్ని కూడా కాకతాళీయం అనగలమా? మరణం విషయంలో నిస్సంకోచంగా అనగలం. ఆయన్ను జబ్బు తీసుకుపోయింది, జబ్బుకు కేలండర్ తెలియదు. గెలుపుల విషయం కాస్త వేరు. సెప్టెంబరు 3 తనకు దేవుడిచ్చిన శుభదినమని క్రామ్‌వెల్ నమ్మాడు. 1654లో తన తొలి పార్లమెంటును సెప్టెంబరు 3న సమావేశపరిచాడు, అది ఆదివారమైనా సరే. ఆదివారాన్ని అంత నిష్ఠగా పాటించే ప్యూరిటన్ నాయకుడు ఆ పని చేశాడంటే ఆ నమ్మకం ఎంత గట్టిదో ఊహించుకోవచ్చు. అంటే తేదీ మీది విశ్వాసం మనిషి చేత పనులు చేయిస్తుంది, ఆ పనులతో ఆ తేదీ పేరు ఇంకా పెరుగుతుంది. పెరిగిన పేరు చూసి తరవాతివాళ్లు ఆ తేదీకే మహిమ ఉందంటారు. 1752లో రద్దయిన ఆ 11 రోజుల్లో మొట్టమొదటిది సెప్టెంబరు 3. ఆ ఏడు బ్రిటన్‌లో ఆ తేదీయే లేదు. రోజుకు సొంతంగా మహిమ ఉంటే, పార్లమెంటు చేసిన ఒక చట్టం దాన్ని అలా ఎగరగొట్టగలిగేది కాదు.

మన దగ్గర ఇంకో అభ్యంతరం వినబడుతుంది, అది మనసుకు దగ్గరది. గాంధీజీని జీవితాంతం ఈసడించిన చర్చిల్ అంత్యక్రియలు గాంధీజీ వర్ధంతి రోజునే జరగడం దేనికో సంకేతం కాదా? ఆ కోరిక నాకు అర్థమవుతుంది. న్యాయం ఎక్కడో ఒకచోట లెక్క సరిచేస్తుందని నమ్మాలనిపిస్తుంది. కానీ జరిగింది చూడండి. చర్చిల్ 1965 జనవరి 24 ఆదివారం చనిపోయాడు. భౌతికకాయాన్ని వెస్ట్‌మినిస్టర్ హాల్‌లో ఉంచితే 3 లక్షల మందికి పైగా వచ్చి చూశారు. విదేశీ అతిథులు రావడానికి వ్యవధి కావాలి, జనం రావడానికి శనివారం వీలు. ఆయన అంత్యక్రియల పథకం ఏళ్ల ముందే తయారై ఉంది. అందులో గాంధీజీ ప్రస్తావనా లేదు, చార్లెస్ ప్రస్తావనా లేదు. ఆయన తండ్రి లార్డ్ రాండాల్ఫ్ చర్చిల్ కూడా 1895లో జనవరి 24నే చనిపోయాడన్నది దీనికన్నా విచిత్రమైన కలయిక. కానీ తండ్రీకొడుకులు ఎన్ని కోట్ల జంటలుంటారో లెక్కపెడితే, ప్రతి 365 జంటల్లో దాదాపు ఒకదానికి ఇలా జరుగుతుందని తేలిపోతుంది. గాంధీజీకి మనం ఇవ్వాల్సిన గౌరవానికి చర్చిల్ శవయాత్ర తేదీ సాయం అక్కర్లేదు. సాక్ష్యం లేని చోట న్యాయం చూడటం అలవాటైతే, సాక్ష్యం ఉన్న చోట అన్యాయాన్ని చూడటం మానేస్తాం.

మనుషులు ఎంచుకున్న తేదీలు మన చరిత్రనూ తాకాయి. 1757 జూన్ 23న ప్లాసీలో గెలిచిన కంపెనీ పాలన నూరేళ్లకు ముగుస్తుందన్న మాట 1857లో ఉత్తరాదిన బలంగా వ్యాపించింది. సరిగ్గా ఆ జూన్ 23న ఢిల్లీ గుట్ట మీదున్న బ్రిటిష్ సేన మీద తిరుగుబాటు సిపాయిలు రోజంతా తీవ్రంగా దాడి చేశారు. వాళ్లు గెలవలేదు. కానీ నూరేళ్ల లెక్క వాళ్ల కాళ్లకు బలమిచ్చిందన్నది చరిత్రే. మరో తొంభై ఏళ్లకు, మనకు స్వాతంత్ర్యం ఇచ్చే తేదీ ఏదని అడిగితే మౌంట్‌బాటెన్ ఆగస్టు 15 అన్నాడు. జపాన్ లొంగుబాటు ప్రకటించి ఆ రోజుకు రెండేళ్లు నిండుతాయి, ఆగ్నేయాసియా యుద్ధరంగంలో సేనాపతిగా ఆ విజయం తనది. ఆ సంగతి తరవాత ఆయనే చెప్పుకున్నాడు. మనం జెండా ఎగరేసే రోజు ఒక బ్రిటిష్ సేనాపతి జ్ఞాపకం నుంచి వచ్చింది. అందుకు నొచ్చుకోనవసరం లేదు, ఎందుకంటే ఆ తరవాత ఆ తేదీకి అర్థం పోసింది మనమే. కానీ ఆ ఎంపిక వెనక తొందర ఉంది. దేశ విభజన ఏర్పాట్లకు దొరికింది కొన్ని వారాలే. ఆ వారాల ఖరీదు పంజాబు, బెంగాల్ చెల్లించాయి. తేదీల ఎంపిక అలంకారం మాత్రమే అనేవాళ్లు దీన్ని మరిచిపోకూడదు.

మళ్లీ జనవరి 30కి వస్తే, జాబితాలో నన్ను ఎక్కువగా పట్టి ఆపేది 1972. విచారణ లేకుండా జనాన్ని నిర్బంధించే విధానాన్ని 1971 ఆగస్టులో ఉత్తర ఐర్లండ్‌లో తెచ్చారు. దానికి వ్యతిరేకంగా పౌరహక్కుల సంఘం డెరీలో ఊరేగింపు తీసింది. ఊరేగింపులపై నిషేధం ఉన్నా వేలమంది వచ్చారు. పని లేని రోజు కాబట్టి ఆదివారం పెట్టుకున్నారు, అది జనవరి 30 అయింది. పారాచూట్ రెజిమెంట్ మొదటి బెటాలియన్ సైనికులు బాగ్‌సైడ్ పేటలోకి చొరబడి కాల్పులు జరిపారు. 13 మంది అక్కడే చనిపోయారు, గాయపడిన ఇంకొకరు నెలల తరవాత పోయారు. ఆ 13 మందిలో ఆరుగురి వయసు 17. ప్రధాన న్యాయమూర్తి విడ్జరీ నడిపిన విచారణ ఏప్రిల్‌కల్లా ముగిసి, చాలా మటుకు సైన్యాన్నే వెనకేసుకొచ్చింది. చనిపోయినవాళ్ల మీద ఆయుధాల అనుమానం వేసింది. చార్లెస్‌కు చట్టసభ ఉంది, చర్చి ఉంది, ప్రార్థన గ్రంథం ఉంది. డెరీ కుటుంబాలకు ఇవేవీ లేవు. వాళ్ల దగ్గరున్నది ఆ తేదీ ఒక్కటే. ఏటా జనవరి చివర్లో అదే దారిలో మళ్లీ నడిచారు. తమవాళ్ల పేర్లు చదివారు, మళ్లీ విచారణ కావాలని అడిగారు. ఇలా పాతికేళ్లు. ప్రభుత్వాలు మారాయి, తేదీ మాత్రం ప్రతి ప్రభుత్వం తలుపూ తట్టింది. 1998 జనవరి 29న, వర్ధంతికి ఒక్క రోజు ముందు, ప్రధాని టోనీ బ్లెయిర్ పార్లమెంటులో లేచి లార్డ్ సావిల్ అధ్యక్షతన కొత్త విచారణ ప్రకటించాడు. ఆ ప్రకటన ఏ జూలైలోనో రాకుండా ఆ వారమే రావడం ఊరికే జరిగిందని నేననుకోను.

ఆ విచారణ పన్నెండేళ్లు సాగింది. పది సంపుటాల నివేదిక 2010 జూన్ 15న వచ్చింది. చనిపోయినవాళ్లలో ఎవరూ సైనికులకు ప్రాణాపాయం కలిగించలేదని తేల్చింది. ప్రధాని డేవిడ్ కామెరాన్ ఆ కాల్పులకు సమర్థన లేదని, ఉండబోదని కామన్స్ సభలో చెప్పి దేశం తరఫున క్షమాపణ అడిగాడు. 1972లో ఊరేగింపు చేరాలనుకున్న గిల్డ్‌హాల్ చౌరస్తాలో ఆ రోజు జనం నిండిపోయారు. విడ్జరీ నివేదిక ప్రతిని అక్కడ చించేశారు. ఆ వార్షిక నడక ఆవేశాన్ని పోగేసే పని అని, పాత గాయాలను ఏటా కెలకడం సమాజానికి మంచిది కాదని డెరీ విషయంలో చాలామంది అన్నారు. ఆ మాట చార్లెస్ ఉపవాస దినానికి వర్తిస్తుంది. అక్కడ అధికారంలో ఉన్నవాళ్లు ఓడినవాళ్లను ఏటా తిట్టించారు. డెరీలో ఏటా నడిచినవాళ్లు అడిగింది ఒక నిజం చెప్పమని. అది చెప్పేదాకా మరిచిపోమనడం, అబద్ధాన్ని ఒప్పుకోమనడమే. ఆ రెండు స్మరణలకూ తేడా నివేదిక వచ్చాక జరిగినదానిలో తెలుస్తుంది. 2011లో బాధిత కుటుంబాల్లో ఎక్కువమంది ఏటా జరిపే ఊరేగింపును ఇక ఆపొచ్చని నిర్ణయించుకున్నారు. కాల్పులు జరిపినవాళ్ల మీద కేసులు నడవాలి కదా అని మరికొందరు ఒప్పుకోలేదు, నడక సాగించారు. ఆ తేదీని ఎప్పుడు వదలాలన్న చర్చ ఆ ఇళ్లలో జరిగింది, చేయాల్సినవాళ్లూ వాళ్లే.